వాటా సరే... లెక్క ఎవరు రాస్తారు?

2011లో అమెరికాలో బాస్కెట్‌బాల్ కోర్టులకు తాళాలు పడ్డాయి. అదే ఏడాది ఓ జాంబీల సీరియల్ కేబుల్ టీవీని ఊపేసింది, దాన్ని తెరకెక్కించిన దర్శకుడి ఉద్యోగం మాత్రం ఊడింది. ఈ రెండు తగాదాల మూలం ఒక్కటే ప్రశ్న: ‘ఆదాయం’ అంటే ఏమిటో ఎవరు తేల్చాలి?

2011 జులై 1. న్యూయార్క్‌లో అర్ధరాత్రి దాటి ఒక్క నిమిషం కాగానే బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో లాకౌట్ మొదలైంది. జట్ల జిమ్‌లు, వైద్యులు, శిక్షకులు ఆటగాళ్లకు అందకుండా పోయారు. కోచ్‌లు వాళ్లతో మాట్లాడితే భారీ జరిమానా. లీగ్ వెబ్‌సైట్‌లోంచి ఆటగాళ్ల బొమ్మలు కూడా మాయమయ్యాయి.

అదే రోజు నాస్‌డాక్‌లో ఓ కొత్త షేరు విడిగా అమ్మకానికి వచ్చింది. పేరు ఏఎంసీ నెట్‌వర్క్స్. పాత సినిమాలు వేసుకుంటూ 1984లో మొదలైన ఏఎంసీ ఛానల్ ‘మ్యాడ్ మెన్’, ‘బ్రేకింగ్ బ్యాడ్’లతో పేరు తెచ్చుకుంది. 2010 అక్టోబరు 31న మొదలెట్టిన ‘ద వాకింగ్ డెడ్’తో జనంలోకి దూసుకెళ్లింది. అప్పటిదాకా కేబుల్‌విజన్ కంపెనీలో భాగంగా ఉన్న ఈ వ్యాపారం ఆ వేసవిలో వేరు కాపురం పెట్టింది.

కేబుల్‌విజన్‌ను స్థాపించింది చార్లెస్ డోలన్. ఆయన కుమారుడు జేమ్స్ డోలన్ చేతిలో మ్యాడిసన్ స్క్వేర్ గార్డెన్ ఉంది, దాంతోపాటే న్యూయార్క్ నిక్స్ బాస్కెట్‌బాల్ జట్టూ ఉంది. అంటే లాకౌట్ ప్రకటించిన జట్ల యజమానుల్లో ఒకరిదీ, జాంబీల సీరియల్ వేస్తున్న ఛానల్‌దీ ఒకే ఇల్లు. ఇందులో కుట్ర ఏమీ లేదు. కానీ ఒకే ఏడాది ఆ ఇంటి రెండు గుమ్మాల ముందూ వాటాల పంచాయితీ నడవడం చరిత్ర విద్యార్థికి మంచి పాఠం.

మంచు కురిసిన రాత్రి

బాస్కెట్‌బాల్ వైపు కథ చాలా పాతది. బోస్టన్ సెల్టిక్స్ స్టార్ బాబ్ కౌసీ 1954లో ఆటగాళ్ల సంఘం పెట్టాడు. యాజమాన్యాలు దాన్ని పట్టించుకోలేదు. పింఛను కావాలని అడిగిన ప్రతిసారీ చూద్దాం, చేద్దాం అంటూ దాటేశాయి.

1964 జనవరి 14న బోస్టన్ గార్డెన్‌లో ఆల్‌స్టార్ మ్యాచ్. బయట మంచు తుపాను. లోపల ఏబీసీ కెమెరాలు ప్రత్యక్ష ప్రసారానికి సిద్ధం. డ్రెస్సింగ్ రూములో మాత్రం బిల్ రసెల్, ఆస్కార్ రాబర్ట్‌సన్, జెర్రీ వెస్ట్, ఎల్జిన్ బేలర్ లాంటి మహామహులు కదలకుండా కూర్చున్నారు. సంఘం అధ్యక్షుడు టామీ హైన్సన్, లాయరు లారీ ఫ్లైషర్ చెప్పింది ఒక్కటే: పింఛనుపై మాట ఇస్తేనే ఆట. కోర్టులోకి రాకపోతే మీ కథ ముగిసినట్టేనని లేకర్స్ యజమాని బాబ్ షార్ట్ తన ఆటగాళ్లకు కబురు పంపాడు. ఆ బెదిరింపు బెడిసికొట్టి, ఊగిసలాడుతున్నవాళ్లు కూడా గట్టిపడ్డారు. టీవీ గడియారం తరుముతుంటే లీగ్ అధ్యక్షుడు వాల్టర్ కెన్నెడీ దిగొచ్చి మాట ఇచ్చాడు. ఆట కాస్త ఆలస్యంగా మొదలైంది, పింఛను వచ్చింది.

ఆ రాత్రి ఆటగాళ్లకు తమ బలం ఎక్కడుందో తెలిసొచ్చింది. టికెట్టు కొని వచ్చినవాళ్లను కాసేపు కూర్చోబెట్టొచ్చు, టీవీ టైమును ఆపలేరు. అప్పటి నుంచి ఎన్‌బీఏలో ప్రతి పోరాటం వెనకా టీవీ డబ్బు ఉంది.

1970లో సంఘం అధ్యక్షుడిగా ఉన్న రాబర్ట్‌సన్ పేరు మీద ఓ దావా పడింది. ఒప్పందం ముగిసినా ఆటగాణ్ని జట్టుకే కట్టిపడేసే నిబంధననూ, పోటీ లీగ్ అయిన ఏబీఏతో విలీనాన్నీ అది సవాలు చేసింది. ఆరేళ్లకు, 1976లో రాజీ కుదిరింది. నాలుగు ఏబీఏ జట్లు ఎన్‌బీఏలో చేరాయి. ఆటగాళ్లకు జట్టు మారే దారి తెరుచుకుంది.

భాగస్వామ్యం మొదలైన చోటే పేచీ

1980 నాటికి ఎన్‌బీఏ పరిస్థితి ఏమంత బాగాలేదు. ఆ ఏడాది ఫైనల్స్‌లో ఆఖరి మ్యాచ్‌ను దేశంలో చాలాచోట్ల సీబీఎస్ ప్రత్యక్షంగా చూపించనే లేదు, రాత్రి పొద్దుపోయాక రికార్డింగ్ వేసింది. చాలా జట్లు అప్పుల్లో ఉన్నాయి. ఆ నేపథ్యంలో 1983లో లీగ్, సంఘం ఓ కొత్త ఏర్పాటుకు వచ్చాయి. స్థూల ఆదాయంలో 53 శాతం ఆటగాళ్లకు గ్యారంటీ, బదులుగా ఒక్కో జట్టు జీతాల మొత్తానికి పరిమితి. 1984-85లో ఆ పరిమితి 36 లక్షల డాలర్లు.

జీతగాళ్లుగా ఉన్నవాళ్లు ఆ సంతకంతో ఒక రకంగా భాగస్వాములయ్యారు. భాగస్వామికి పుట్టే మొదటి సందేహం వాళ్లకూ పుట్టింది: 53 శాతం సరే, దేంట్లో 53 శాతం? 1990ల తొలినాళ్లలో ఆటగాళ్ల సంఘం లెక్కలు తిరగేస్తే లగ్జరీ బాక్సుల అద్దెలు, స్టేడియంలో ప్రకటనల బోర్డుల ఆదాయం లాంటివి యజమానులు పద్దులో చూపించలేదని తేలింది. గొడవ రాజీతో ముగిసి, ఆటగాళ్లకు కోట్ల డాలర్లు చేతికొచ్చాయి.

దాంతో ‘బాస్కెట్‌బాల్ సంబంధిత ఆదాయం’ అన్న మాటకు ఒప్పందంలో పేజీలకు పేజీల నిర్వచనం చేరింది. టికెట్లు, ప్రసార హక్కులు, పార్కింగ్, స్టేడియంలో అమ్మే తిండి... దేంట్లో ఎంత లెక్కలోకి వస్తుందో రాసుకున్నారు. జట్టు యజమానే టీవీ ఛానల్‌కూ యజమాని అయితే ఏం చేయాలన్నదీ రాసుకున్నారు. సొంత ఛానల్‌కు చవగ్గా హక్కులు అమ్మేసి, వచ్చింది ఇంతేనంటే కుదరదు. మార్కెట్ ధర ఎంత పలికేదో చూసి ఆ మొత్తాన్ని లెక్కలో కలపాలి. లెక్కలు చూసే ఆడిటర్లకూ చోటు దక్కింది.

ఏడు శాతం ఖరీదు

నిర్వచనం కుదిరినంత మాత్రాన గొడవలు ఆగలేదు. 1997లో 21 ఏళ్ల కెవిన్ గార్నెట్‌కు మిన్నెసోటా జట్టు ఆరేళ్లకు 12 కోట్ల 60 లక్షల డాలర్లు ఇవ్వడంతో యజమానులు బెంబేలెత్తారు. మరుసటి ఏడాది జులైలో లాకౌట్ ప్రకటించారు. అది జనవరి దాకా సాగింది. 82 మ్యాచ్‌ల సీజన్ 50కి కుంచించుకుపోయింది, ఆల్‌స్టార్ ఆట రద్దయింది. చివరికి ఆటగాళ్లు 179-5 ఓట్లతో ఒప్పందాన్ని ఆమోదించారు. ఒక్కో ఆటగాడి జీతానికి గరిష్ఠ పరిమితి అప్పుడే వచ్చింది.

2011 నాటికి ఆటగాళ్ల వాటా 57 శాతం. ముప్ఫై జట్లలో 22 నష్టాల్లో ఉన్నాయనీ, మొత్తం నష్టం 30 కోట్ల డాలర్లనీ కమిషనర్ డేవిడ్ స్టెర్న్ చెప్పాడు. ఆ అంకెలను సంఘం నమ్మలేదు. అంత నష్టాల వ్యాపారమైతే, ముందు ఏడాదే గోల్డెన్ స్టేట్ వారియర్స్ 45 కోట్ల డాలర్ల రికార్డు ధరకు ఎలా అమ్ముడుపోయిందన్నది జవాబు చెప్పలేని ప్రశ్న.

సుమారు 400 కోట్ల డాలర్ల ఆదాయంలో ఒక్కో శాతం విలువ 4 కోట్లు. నవంబరు 1న మొదలవ్వాల్సిన సీజన్ మొదలవలేదు. నవంబరు 14న ఆటగాళ్లు లీగ్ ప్రతిపాదనను తోసిపుచ్చి, సంఘం హోదానే వదులుకుని, మర్నాడు గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద కోర్టుకెక్కారు. అదే రోజు రావాల్సిన మొదటి జీతం చెక్కు వాళ్లకు అందలేదు. డెరాన్ విలియమ్స్ లాంటివాళ్లు అప్పటికే టర్కీకి వెళ్లి ఆడుతున్నారు. టికెట్లు చింపేవాళ్లకూ పాప్‌కార్న్ అమ్మేవాళ్లకూ వెళ్లడానికి మరో దేశం లేదు. చర్చల బల్ల దగ్గర వాళ్లకు కుర్చీ కూడా లేదు.

నవంబరు 26 తెల్లవారుజామున రాజీ కుదిరింది. ఆటగాళ్ల వాటా 49 నుంచి 51 శాతం మధ్య. డిసెంబరు 8న, 161 రోజుల తర్వాత తాళాలు తీశారు. క్రిస్మస్ రోజున 66 మ్యాచ్‌ల సీజన్ మొదలైంది. ఏడు శాతం చేజారిందంటే ఏటా దాదాపు 28 కోట్ల డాలర్లు పోయినట్టు. ఆటగాళ్లు ఓడిపోయారనే చెప్పాలి. అయితే ఎంత ఓడిపోయారో వాళ్లకు డాలర్లతో సహా తెలుసు.

కొట్టంలో జాంబీలు

ఆ రాజీ కుదిరిన మర్నాడే, నవంబరు 27 ఆదివారం రాత్రి ‘ద వాకింగ్ డెడ్’ రెండో సీజన్ సగం పూర్తయింది. తప్పిపోయిన సోఫియా అనే పిల్ల కోసం వారాల తరబడి వెతుకుతున్న బృందం ముందుకు, హెర్షల్ అనే ఆసామి పొలంలోని కొట్టం తలుపు తెరిస్తే, ఆ పిల్లే జాంబీగా మారి నడిచొస్తుంది. సీజన్ నత్తనడక నడుస్తోందని గొణిగినవాళ్లు కూడా ఆ రాత్రి నోరెళ్లబెట్టారు.

కథ ఆ పొలం దాటకపోవడానికి డబ్బూ ఒక కారణమని అప్పట్లో పత్రికలు రాశాయి. రాబర్ట్ కర్క్‌మన్, టోనీ మూర్ 2003లో మొదలెట్టిన కామిక్‌ను టీవీకి తెచ్చింది ‘ద షాషాంక్ రిడెంప్షన్’ దర్శకుడు ఫ్రాంక్ డారాబాంట్. తొలి ఎపిసోడ్‌ను 53 లక్షల మంది చూశారు. అంత హిట్టయినా రెండో సీజన్‌కు ఎపిసోడ్ బడ్జెట్ తగ్గించాలని ఛానల్ పట్టుబట్టిందట. జాంబీలను చూపించకుండా చప్పుడు మాత్రం వినిపిస్తే సరిపోదా అన్న సలహా కూడా వచ్చిందని వార్త. 2011 జులైలో శాన్ డియేగో కామిక్-కాన్ వేదికపై సీరియల్ గురించి ఉత్సాహంగా మాట్లాడిన డారాబాంట్, కొద్ది రోజులకే ఆ సీరియల్ సారథిగా లేడు. గ్లెన్ మజారా ఆయన స్థానంలోకి వచ్చాడు. అక్టోబరులో రెండో సీజన్ తొలి ఎపిసోడ్‌ను 73 లక్షల మంది చూశారు. 2014 అక్టోబరు నాటికి ఆ సంఖ్య 1 కోటి 73 లక్షలకు చేరింది.

డారాబాంట్ ఒప్పందంలో లాభాల్లో వాటా ఉంది. 2013 డిసెంబరులో ఆయన, ఆయన ఏజెన్సీ సీఏఏ న్యూయార్క్ కోర్టులో దావా వేసినప్పుడు బయటపడిన విషయం ఏమిటంటే, అంత పెద్ద హిట్టుకు కాగితం మీద లాభమే లేదు. సీరియల్ తీసింది ఏఎంసీ స్టూడియోస్, దాన్ని కొనుక్కున్నది ఏఎంసీ ఛానల్. ఆ కొనుగోలు ధరను ఎపిసోడ్‌కు 14 లక్షల 50 వేల డాలర్లు దాటకుండా కట్టేశారని దావా ఆరోపించింది. తీయడానికి అయ్యే ఖర్చు అంతకన్నా ఎక్కువ కాబట్టి ఎన్ని సీజన్లు నడిచినా స్టూడియో పద్దు నష్టంలోనే ఉంటుంది. ప్రకటనల డబ్బంతా ఛానల్ పద్దులో పడుతుంది. బయటి స్టూడియోల నుంచి కొన్న ‘మ్యాడ్ మెన్’, ‘బ్రేకింగ్ బ్యాడ్’లకు ఛానల్ ఇచ్చిన ధరలతో పోల్చి చూడమని దావా కోరింది.

మన ఊళ్ల భాషలో చెప్పాలంటే, పంటలో పాలు ఇస్తానన్న భూస్వామి ధాన్యమంతా తన కొడుకు రైస్‌మిల్లుకే సగం ధరకు తోలి, బియ్యం అమ్మిన డబ్బు మిల్లు ఖాతాలో వేసి, పెట్టుబడి కూడా రాలేదని పాలుదారుకు చిట్టా చూపించడం లాంటిది.

ఏఎంసీ వాదనలోనూ పస లేకపోలేదు. నష్టభయం మోసింది తామే. ఒప్పందం రాసుకున్నప్పుడు అవతలి పక్షాన ఆరితేరిన ఏజెంట్లు, లాయర్లు ఉన్నారు. ఒప్పందంలో ఉన్నదే అమలు చేశామంది. కర్క్‌మన్, నిర్మాత గేల్ ఆన్ హర్డ్, మజారా తదితరులు 2017లో కాలిఫోర్నియాలో వేసిన మరో కేసులో, 2020లో జడ్జి కీలక అంశాలపై ఏఎంసీ పక్షానే తీర్పిచ్చారు. అయినా డారాబాంట్ కేసు జ్యూరీ ముందుకు వెళ్లకముందే, 2021 జులైలో కంపెనీ రాజీకొచ్చింది. చెల్లించింది 20 కోట్ల డాలర్లు.

ఒంటరి సంతకం, ఉమ్మడి సంతకం

రెండు తగాదాలనూ పక్కపక్కన పెడితే తేడా తెలుస్తుంది. సొంత ఛానల్‌కు చవగ్గా అమ్మితే ఊరుకునేది లేదన్న షరతు నిక్స్ ఆటగాళ్లకు ఒప్పందంలోనే ఉంది. అదే కుటుంబం చేతిలోని ఛానల్‌తో పనిచేసిన డారాబాంట్‌కు ఆ రక్షణ ఎంతవరకు ఉందన్నది కోర్టులో ఏడున్నరేళ్లు నలిగింది. ఆటగాళ్లు తెలివైనవాళ్లనీ, దర్శకుడు అమాయకుడనీ కాదు. ఆటగాళ్ల షరతు వెనక మంచు రాత్రి నుంచి మొదలైన అర్ధ శతాబ్దపు ఉమ్మడి బేరం ఉంది, లెక్కల్లో ఓసారి మోసపోయిన అనుభవం ఉంది. ఒంటరిగా సంతకం పెట్టేవాడికి, ఎంత పేరున్నా, ఆ అనుభవం వారసత్వంగా రాదు.

హాలీవుడ్ ఈ పాఠాన్ని ఆలస్యంగానైనా అందుకుంది. 2023లో రచయితలు 148 రోజులు, నటీనటులు 118 రోజులు సమ్మె చేశారు. రచయితలు అడిగిన వాటిలో జీతాల పెంపుతోపాటు మరో కోరిక ఉంది: స్ట్రీమింగ్ కంపెనీలు తమ షోలను జనం ఎన్ని గంటలు చూశారో చెప్పాలి. అన్నీ దక్కలేదు. కానీ కంపెనీలు సొంతంగా తీయించే షోల వీక్షణ గంటలను రచయితల సంఘానికి గోప్యంగా ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. బాగా ఆడిన షోలకు అదనపు బోనస్ కూడా దానికి ముడిపడింది.

ఇక ఎన్‌బీఏలో 2011 తర్వాత మరో లాకౌట్ రాలేదు. 2024లో డిస్నీ, ఎన్‌బీసీయూనివర్సల్, అమెజాన్‌లతో లీగ్ 11 ఏళ్లకు కుదుర్చుకున్న ప్రసార ఒప్పందాల విలువ 7,600 కోట్ల డాలర్లని అంచనా. అంత డబ్బు ఉన్నచోట శాతాల పేచీ మళ్లీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. వచ్చినా, బేరం ఎక్కడ మొదలుపెట్టాలో ఆటగాళ్ల సంఘానికి తెలుసు. ముందు పద్దు తెరవమంటుంది, శాతం మాట ఆ తర్వాతే.