పాత ముద్ర, క్రొత్త కత్తి

వ్యాపారమునందు పేరు కూడ నొక యాస్తియే. దానిని అమ్మవచ్చును, కొనవచ్చును. కాని పేరు కొన్నవానికి ఆ పేరును సంపాదించిన చేతులు కూడ సంక్రమించునా? పాశ్చాత్యదేశములలో ఎన్నడో మూతపడిన మంగలికత్తుల కార్ఖానాల పేళ్లను ఇటీవల కొందఱు కొని, ఆ పాత ముద్రలతోనే క్రొత్త కత్తులు చేయించి విక్రయించుచున్నారు. అవి అసలైనవా, కావా యని కొనువారిలో వాదములు బయలుదేఱినవి. ఈ ప్రశ్నకు సమాధానము ఆ కత్తుల చరిత్రలోనే యున్నదని మేము తలంచుచున్నాము.

ఇంగ్లండులోని షెఫీల్డు పట్టణము కత్తులకు పుట్టినిల్లు. అచ్చటి కత్తిపనివారి సంఘమునకు 1624లో పార్లమెంటు చట్టమువలన అధికారము లభించెను. ప్రతి యజమానియు తన ముద్రను సంఘమువారి పుస్తకమున వ్రాయించుకొనవలెను. ఒకని ముద్రను వేఱొకడు కొట్టరాదు. అక్షరములు రాని కొనుగోలుదారుడు సైతము గుర్తు చూచి మంచి కత్తిని ఏఱుకొనగలిగెను. కనుక ముద్ర యనగా పనివాడు కొనువానికిచ్చిన మాట.

అయితే ముద్రలు మొదటినుండియు చేతులు మాఱుచునే యున్నవి. ‘ఐ ఎక్స్ ఎల్’ అను ప్రసిద్ధమైన గుర్తునే చూడుడు. ఆ యక్షరములను కలిపి చదివినచో ‘నేను మిన్న’ యను అర్థము వచ్చును. ఈ గుర్తు 1787లో స్మిత్తు అను నతనికి దక్కినది. తరువాత వోస్టెన్‌హోమ్ వంశమువారు దానిని సంపాదించిరి. అమెరికా ఖండమంతట ఆ గుర్తు మాఱుమ్రోగినది వీరి కాలముననే. తమది కాని గుర్తును తెచ్చుకొనియు, తమ పనిచే దానికి వన్నె తెచ్చినవారు వీరు. కావున పాత పేరు కొనుట మోసమని చెప్పుటకు వీలులేదు.

మఱి మోసమెక్కడ? పంతొమ్మిదవ శతాబ్దిలో జర్మనీలో చేసిన కత్తులపై షెఫీల్డు పేరు కొట్టి అమ్ముచున్నారని షెఫీల్డువారు మొఱపెట్టిరి. ఇట్టి తప్పుడు గుర్తులను అరికట్టుటకై బ్రిటిషు పార్లమెంటు 1887లో చట్టము చేసెను. జర్మనీలో మంచి కత్తులకు పేరొందిన జోలింగెన్ పట్టణమువారికి కూడ తమ పేరును కాపాడుకొనవలసిన యవసరము కలిగినది. ముఖ్యమైన పనులన్నియు ఆ ప్రాంతమున జరిగిననేగాని వస్తువుపై ఆ యూరి పేరు వేయరాదని 1938లో వారికి చట్టమేర్పడెను. ఈ రెండు చట్టములును పేరునకు పనితోడి సంబంధము తెగరాదనియే శాసించినవి.

1903లో జిల్లెట్టు వ్యాపారము ఆరంభమైనపుడు ఆ యేడు అమ్ముడుపోయినవి 51 క్షౌరయంత్రములు మాత్రమే. మొదటి ప్రపంచయుద్ధమున సైనికులకు అట్టివి లక్షలకొలది పంచబడిన పిమ్మట మడతకత్తుల గిరాకి క్షీణించెను. కార్ఖానాలు మూతపడగా, ఉక్కును సాగగొట్టువాడు, కాచి పదను పెట్టువాడు, అలుగును సానపై పలుచన చేయువాడు చెదరిపోయిరి. ముద్ర కాగితముపై నిలిచినది. నేర్పు మనుష్యులతో పోయినది.

ఆ మనుష్యులను గుఱించి నేటి ప్రకటనలు చెప్పునది తక్కువ. పొడి సానరాయి ధూళిని పీల్చి ఊపిరితిత్తులు చెడి, నడివయసు చేరకయే సమసిన సానపనివాండ్రను గుఱించి షెఫీల్డు వైద్యుడు కాల్వర్టు హాలండు 1843లో గ్రంథము వ్రాసెను. పూర్వవైభవమును వారసత్వముగా చెప్పుకొనువారు ఈ దుఃఖమును కూడ వారసత్వముగా తలదాల్చవలదా?

ఈ కథలో మన తెలుగుదేశమునకును భాగము కలదు. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున మూసలలో ఉక్కు చేయుచుండిరనియు, దానిని కొనుటకు పారసీక వర్తకులు వచ్చుచుండిరనియు 1832లో ప్రకటితమైన డాక్టరు వాయిసీ వ్రాతవలన తెలియుచున్నది. ఇట్టి హిందూదేశపు ఉక్కునే ఆంగ్లేయులు ‘వూట్జ్’ అనిరి; ‘ఉక్కు’ అను మన మాటయే అట్లు మాఱినదని పలువురి యభిప్రాయము. లండనులోని కత్తిపనివాడు జేమ్సు స్టోడార్టు తాను హిందూదేశపు ఉక్కుతో పనిముట్లు చేయుచున్నానని తన వ్యాపారపత్రముననే చాటుకొనెను. మైకేలు ఫారడేతో కూడి 1820, 1822 సంవత్సరములలో ఈ యుక్కును గుఱించిన పరిశోధనలను ప్రకటించెను. అతడు సరకు పుట్టిన చోటును దాచలేదు. కాని ఆ యుక్కుతో చేసిన ఖడ్గములకు లోకము పెట్టిన పేరు ‘డమాస్కసు’. మూస పట్టిన మన కమ్మరికి ముద్ర లేదు. కనుక పేరును లేదు.

కావున పాత ముద్రతో క్రొత్త కత్తి మన చేతికి వచ్చినపుడు దాని వయస్సు అడుగుట కంటె మూడు సంగతులు అడుగుట మేలు: ఎవరు చేసిరి? ఎచ్చట చేసిరి? ఏ యుక్కుతో చేసిరి? ఈ మూటికి దాపరికము లేక బదులు చెప్పువాడు పేరును నిన్ననే కొన్నవాడైనను ఆ పేరునకు తగినవాడే. బదులు చెప్పక శతాబ్దముల లెక్క చూపువాడు సాక్షాత్తు స్థాపకుని మునిమనుమడైనను మనలను వంచించుచున్నాడు. కత్తులకే కాదు, మన యింటికి వచ్చు పట్టుచీరకును, నేతిడబ్బాకును ఈ పరీక్షయే చాలును.