చంపడం కన్నా ఆగడం కష్టం

కుక్క గుండెపురుగు వైద్యాన్ని మందుల చరిత్రగా చెప్పడం పరిపాటి. నిజానికి అది వైద్యులు ఓపిక నేర్చుకున్న చరిత్ర. 1856లో అమెరికా శాస్త్రవేత్త జోసెఫ్ లీడీ పేరు పెట్టిన ఈ పురుగు దోమకాటుతో ఒంట్లో చేరి, ఊపిరితిత్తుల ధమనుల్లో అడుగు పొడవు దాకా పెరుగుతుంది. 1940ల నుంచి వాడిన థయాసెటార్సమైడ్ ఆర్సెనిక్ మందు. నరంలోకి ఎక్కించేటప్పుడు పక్కకు కారితే కండ కుళ్లేది, కాలేయమూ దెబ్బతినేది. 1995లో అమెరికాలో అనుమతి పొందిన మెలార్సొమిన్‌ను నడుము కండరంలోకి ఇస్తారు, దానితో ముప్పు తక్కువ. అయినా అసలు చిక్కు తీరలేదు. చచ్చిన పురుగుల ముక్కలు రక్తంతో కొట్టుకుపోయి ఊపిరితిత్తుల నాళాలకు అడ్డుపడతాయి. మందు మెరుగైనా ఆ శిథిలాల బెడద మిగిలింది.

అందుకే నేటి వైద్యుడు సూదికన్నా ముందు క్యాలెండరు తీస్తాడు. పురుగులోని వోల్బాకియా బ్యాక్టీరియాను అణచడానికి నాలుగు వారాలు డాక్సీసైక్లిన్, ఆపై నెల విరామం, ఒక సూది, మరో నెలకు 24 గంటల తేడాతో రెండు సూదులు. అంతకాలమూ పరుగులు బంద్. ఇంత జాప్యం ప్రమాదం కాదా అనవచ్చు. కానీ మొదటి రోజే మొదలయ్యే నివారణ మందు కొత్త పురుగులను అడ్డుకుంటుంది, విరామంలో లేత పురుగులు మెలార్సొమిన్‌కు లొంగే వయసుకొస్తాయి. అలాగైతే చవకైన నివారణ మందు ఐవర్‌మెక్టిన్‌తోనే నెమ్మదిగా చంపవచ్చు కదా? దానికి ఏడాది దాటవచ్చు, ఈలోపు ధమనులు పాడవుతూనే ఉంటాయి. ఓపిక అంటే ఊరికే కూర్చోవడం కాదు, లెక్కగా ఆగడం.