విభక్తియును సముచ్చయమును: జనగామ, మానుకోట, భూపాలపల్లి సీమల వాడుక

క్రీ. శ. 2016 అక్టోబరు 11వ తేదీన పూర్వపు వరంగల్లు జిల్లా ముక్కలై, జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి మున్నగు క్రొత్త జిల్లాలు వెలసినవి. నాఁటినుండి ప్రకటనలలోను, కార్యాలయ ఫలకములమీఁదను "జనగామ, మహబూబాబాద్ మరియు భూపాలపల్లి జిల్లాలకు" అను తీరు పదబంధములు తఱచుగాఁ గానవచ్చుచున్నవి. అర్థము తెలియకపోదు. కాని ఆ సీమలలోని కర్షకుని నోట నీ మాట యీ రూపమున వెలువడదు. అతఁడు "జనగామకు, మానుకోటకు, భూపాలపల్లికి" అనును. మహబూబాబాదు ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాను పేర వచ్చిన పేరు. జనవ్యవహారమున నది నేఁటికిని మానుకోటయే. ఇఁక గ్రాంథికము వ్రాయు పండితుఁడో "జనగామకును మానుకోటకును భూపాలపల్లికిని" అని వ్రాయును. కర్షకుఁడును పండితుఁడును ఒక వంక నుండఁగా, ప్రకటన రచించు గుమాస్తా యొక్కఁడు వేఱొక వంక నుండుట వింతగాఁ దోఁచును. ఈ వైపరీత్య మెట్లు కలిగినదో విచారింపఁ దలఁచితిమి.

ఆంగ్లమున విభక్త్యర్థమును దెలుపు పదము నామమునకు ముందు నిలుచును. సముచ్చయపదము రెండు నామముల నడుమ నిలుచును. "టు రామా అండ్ కృష్ణా" అన్నచోట "టు" అనునది యొక్కమాఱే పలుకఁబడి రెండు నామములను నేలుచున్నది. రెండవ "టు"ను విడువవచ్చును, "అండ్"ను విడువరాదు. తెలుఁగున దీనికి సరిగా వ్యతిరేకము. "అన్నకు తమ్మునికి పడదు", "అవ్వకు నాయినకు చెప్పిన" అని మానుకోట వైపు జనులు పలుకునపుడు సముచ్చయ మెచ్చటను వినఁబడదు. విభక్తి మాత్రము రెండుచోట్లను వినఁబడును. సముచ్చయమును విడిచినను వాక్యము నిలిచినది. "అన్న తమ్మునికి పడదు" అనినచో కూలిపోయినది. ఆంగ్లమున విభక్తి లోపింపవచ్చును, సముచ్చయము లోపింపరాదు. తెలుఁగున సముచ్చయము లోపింపవచ్చును, విభక్తి లోపింపరాదు. ఈ యొక్క భేదమును పట్టుకొన్నచో తక్కిన చిక్కులు చాలవఱకు విడివడును.

సముచ్చయము నోటితో పలికినపుడైనను అది స్వతంత్రపదముగా రాదు. గ్రంథభాషలో "ను", "యు" అను రూపములతోను, వ్యవహారమున కడపటి యచ్చు దీర్ఘమగుటతోను అది పదము తుదకంటుకొనును. అంటుకొనుటయు విభక్తికి పిదపనే: "రామునికిని కృష్ణునికిని", "రామునికీ కృష్ణునికీ". నామము, దానిమీఁద విభక్తి, దానిమీఁద సముచ్చయము. ఈ క్రమము తప్పదు. వికల్పమును దెలుపు "కాని", "ఓ" అనునవియు నిట్టివే. "రామునికిఁ గాని కృష్ణునికిఁ గాని", "రామునికో కృష్ణునికో". విభక్తి యొక్కమాఱే రావలెనన్నచో తెలుఁగు తనదైన వేఱు దారి త్రొక్కును. రెండు నామములను సమాసముగాఁ గూర్చి "తల్లిదండ్రులకు", "అన్నదమ్ములకు" అనును. లేదా పేరులను వరుసగాఁ జెప్పి సంఖ్యతో ముడివేసి "జనగామ, మానుకోట, భూపాలపల్లి అను మూఁడూళ్లకు" అనును.

మఱి "మరియు" అనున దెక్కడిది? అది క్రొత్తపదము కాదు. "మఱి" అను అవ్యయమునకు సముచ్చయార్థకమైన "యు" చేరఁగా నేర్పడినది. అనఁగా సముచ్చయము దానిలోనే యిమిడియున్నది. దాని ప్రాచీనార్థము "ఇంకను" అని. జనగామ జిల్లాలోని పాలకుర్తి పాల్కురికి సోమనాథుని యూరు. దానికి చేరువనున్న బమ్మెర పోతనామాత్యుని యూరు. జానుతెనుఁగును, ద్విపదను పట్టుకొని ప్రజల భాషకు దగ్గఱగా నడచిన కవి యొకఁడు, సంస్కృతసమాసములతో గంభీరగద్యము వ్రాసిన కవి యొకఁడు, కొలఁది క్రోసుల యెడములో జనించుట యీ సీమ భాగ్యము. పోతన భాగవతమున "మఱియు" అనియో, "మఱియును" అనియో మొదలగు వచనములు పెక్కు గలవు. అచ్చట నా పదము ఒక నామమును వేఱొక నామముతోఁ గూర్చుటలేదు. చెప్పిన కథకు మఱికొంత చేర్చుచున్నది. వాక్యమునకును వాక్యమునకును నడుమ దాని స్థానము. ద్వారమువద్ద నుండవలసిన దానిని గుమాస్తా తెచ్చి రెండు పాత్రల నడుమ నిలిపినాఁడు.

సోమనాథునికంటె ముందే యీ ప్రాంతమున తెలుఁగు శిలలమీఁదికెక్కినది. మానుకోట సీమలోని కొరవి శాసనము క్రీ. శ. 10వ శతాబ్ది నాఁటి తెలుఁగు గద్యము. విరియాల కామసాని గూడూరు శాసనము చంపకోత్పలమాలలతోఁ గూడినది. భూపాలపల్లి వైపు గణపురము కోటగుళ్లు, గోదావరీప్రాణహితల సంగమమున కాళేశ్వరము కాకతీయ యుగమును స్మరింపఁజేయును. (పాలంపేట రామప్ప దేవాలయము సయితము 2016లో నీ జిల్లాలోనే చేరి, 2019లో ములుగు జిల్లా యేర్పడినపుడు దానిలోఁ గలిసినది.) దానశాసనములలో ఎవరికి, ఏమి, ఎంత అనునది తేటపడవలెను, దానము పొందినవాని విభక్తి మఱుగుపడినచో శాసనము వ్యర్థము. వాక్యనిర్మాణ చరిత్రకు శాసనములు కావ్యములకంటె నమ్మదగిన సాక్షులని మేము తలఁచుటకు కారణ మిదియే. గద్యశాసనములలో ఛందోబంధము లేదు, వ్యవహారబంధ మున్నది.

ఇంతకాలము నిలిచిన యీ పద్ధతి కెప్పుడు భంగము కలిగినది? దోషమంతయు ఆంగ్లముమీఁద మోపుట సర్కారుసీమల చరిత్రకు సరిపడవచ్చును. కేరీ వ్యాకరణము 1814లోను, క్యాంబెల్ వ్యాకరణము 1816లోను, బ్రౌను వ్యాకరణము 1840లోను వెలువడినవి. చిన్నయసూరి బాలవ్యాకరణము 1858 నాఁటిది. తెలంగాణమున కథ వేఱు. నిజాము రాజ్యమున మొదట పారసీకమును, 1884 ప్రాంతమునుండి ఉర్దువును రాజభాషలు. జనగామ కచ్చేరిలో పట్వారి చేతికి వచ్చిన ఉత్తరువు ఉర్దూలోనిది. ఉర్దువున విభక్తిపదము తెలుఁగునందువలె నామమునకు వెనుకనే వచ్చును. అయినను "రామ్ ఔర్ కృష్ణ్ కో" అని విభక్తి తుద నొక్కమాఱే వచ్చును. ఇచ్చట మన విచారము మలుపు తిరుగవలసియున్నది. విభక్తి ముందు నిలుచుటయా వెనుక నిలుచుటయా అనునది యీ భేదమునకు మూలమయ్యెనేని ఉర్దువు తెలుఁగు పక్షమున నుండవలెను. అది ఆంగ్ల పక్షమున నున్నది. కావున మూలము స్థానము కాదు, అతుకు. ఆంగ్లమున "టు", ఉర్దువున "కో" విడిపదములు. తెలుఁగున "కు" నామపు శరీరములోని యవయవము. అవయవమును ఇద్దఱు పంచుకొనలేరు.

దీనికి మన భాషలోనే సాక్ష్యము గలదు. "మీఁద", "కొఱకు", "దాఁక" వంటివి ఇంకను కొంత విడిగా నిలువఁగల పదములు. వీనితో "చెట్టు, గుట్ట మీఁద" అనిన చెవి కంతగా నొవ్వదు. "కు", "ను"లతో నట్లు చెల్లదు. "నడుమ" అను పదము మఱింత విచిత్రమైనది. "జనగామకును మానుకోటకును నడుమ కాజీపేట కలదు" అని రైలుదారి ననుసరించి చెప్పుదుము. "నడుమ" యొక్కటియే, దాని ముందు "కు" మాత్రము రెండుచోట్లను రావలసినదే. విడిపదమును, అతుకును ఒక్క వాక్యములోనే తమతమ స్వభావమును జూపినవి.

1948 తరువాత ఉర్దువు తొలఁగినది. 1956లో ఆంధ్రప్రదేశము, 1966లో తెలుఁగును రాజభాష చేయు శాసనము వచ్చినవి. తెలుఁగు రాజభాష యయ్యెను గాని ఉత్తరువులు పెక్కు ఆంగ్లమున పుట్టి తెలుఁగులోనికి మాఱుట మానలేదు. అనువాదకునికి "అండ్" అను పదమునకు ప్రతిగా నొక పదము కావలెను. తెలుఁగున నట్టి పదము లేదు, తుదనంటెడు దీర్ఘమే కలదు. అతఁడు "మరియు"ను పట్టుకొన్నాఁడు. ఉర్దూ వాక్యపుఁ బోకడ కలవాటుపడిన చెవులకు తెలంగాణమున నది మఱింత సులభముగా నెక్కియుండునని మా యభిప్రాయము.

ఇది శైలీభేదము మాత్రమే యని సరిపుచ్చుకొనుటకు వీలులేదు. "రైతులు మరియు కూలీలకు సాయము" అను వాక్యమున "రైతులు" ప్రథమావిభక్తి. చదువరి మొదట రైతులను కర్తగాఁ దలఁచి, తుద కేఁగి "కు" చూచి వెనుకకు మఱలవలెను. దస్తావేజులలో నిది మఱింత ప్రమాదము. "భార్య మరియు కుమారునికి సగము భూమి" అని వ్రాసినచో ఇరువురికిని గలిపి సగమా, ఒక్కొక్కరికి సగమా? "భార్యకును కుమారునికిని చెఱిసగము" అన్నచో వివాదమునకు తావులేదు. విభక్తి రెండుమాఱులు వచ్చి ఇద్దఱిని వేఱుగాఁ జూపినది, "చెఱి" అను చిన్నమాట పంపకము చేసినది. ఒక ఎకరము మీఁద ఒక "కు" భారమున్నదనుట అతిశయోక్తి కాదు.

ఇంతవఱకు సముచ్చయము విభక్తికి వెనుక నడచుటను జూచితిమి. విభక్తియే సముచ్చయముగా మాఱుట వేఱొక కథ. మా కంటి కిదియే యెక్కువ రమ్యము. "కాఁబట్టి" యన నేమి? "అగు" ధాతురూపమునకు "పట్టి" యను పంచమీప్రత్యయము చేరినది. "అందువలన", "అందుచేత" అనునవి స్పష్టముగా విభక్త్యంతములు. "ఎందుకనఁగా" అను మాటలో ప్రశ్నయు, చతుర్థ్యర్థమును, "అను" ధాతువును మూఁడును గలవు: "ఎందుకు అని యడిగితివా" యని యెదుటివానికి మాఱుగా మనమే యడిగి, మనమే యుత్తరము చెప్పుచున్నాము. మన సీమలోని "గందుకే" యిట్టిదే. ఆంగ్లమునను "బికాజ్" అనునది "బై" అను విభక్తిపదము, హేతువాచకమును కలియఁగా పుట్టినది. "బట్" మొదట "వెలుపల" అను నర్థముగల విభక్తిపదము. "బిఫోర్", "ఆఫ్టర్" నేఁటికిని నామముతోను, పూర్ణవాక్యముతోను సమానముగాఁ గూడును. తెలుఁగున "పండుగ తరువాత", "వచ్చిన తరువాత". "ఊరి వఱకు", "వచ్చు వఱకు" అని యదే నడక. వాక్యమును క్రియాజన్యవిశేషణముగా మలఁచి నామమువలె నిలుపుటయే యిచ్చటి విశేషము. ఈ విషయమున రెండు భాషలును ఎదురెదురు దారులఁ బోయి ఒకేచోట కలిసికొన్నవి.

ఈ సీమల వాడుకలో దాఁచుకొన్న పదములును గలవు. కావ్యములలోని "దనుక" వ్రాఁతలో నరుదైపోఁగా పల్లెలలో నిలిచినది. "వచ్చేదాంక", "పొద్దటిదాంక" యని దాని చెలికాఁడును వాడుకలో నున్నాఁడు. "నుండి" యనునది "ఉండి" యను క్త్వార్థకమునుండి వచ్చినట్లే, "జనగామకెల్లి వచ్చిండు" అనుచోటి "కెల్లి" సయితము "కు" విభక్తికి "వెల్లి", అనఁగా బయలుదేఱి, అను క్రియ చేరి యేర్పడినదని మా యూహ. ఉన్నచోటును దెలుపు ధాతు వొకటి, కదలికను దెలుపు ధాతు వొకటి. రెండును అపాదానార్థమునకే వచ్చినవి. "కెల్లి" యింకను అవయవము కాలేదు, విడిపదముగాను మిగులలేదు. భూపాలపల్లి సింగరేణి గనులలో "మొదటి షిఫ్టుకు రెండో షిఫ్టుకు నడుమ" అను పలుకుబడి చెల్లును. అన్యదేశ్యపదము వచ్చినను "కు" రెండుచోట్లను వచ్చినది. "జనగామకెల్లి మానుకోటకెల్లి వచ్చిన్రు" అని యొకఁడు, "జనగామ మానుకోటలకెల్లి" యని యొకఁడు పలుకుటయు చెల్లుచున్నది. రెండవ పలుకుబడిలో ఊళ్ల పేరులు ముందు సమాసమై, బహువచనము దాల్చి, పిదపనే విభక్తిని గైకొన్నవి. "మరియు" అచ్చటను రాలేదు.