స్విచ్ వాక్యములో వ్యాఖ్యలు

కంప్యూటరు ప్రోగ్రామింగులో ఒక చరరాశి విలువను బట్టి పలు మార్గాలలో ఒకదానిని ఎంచుకొను నియంత్రణ వాక్యమును '''స్విచ్ వాక్యము''' అంటారు. సీ, సీ++, జావా మొదలైన భాషలలో ఇది ఉన్నది. ఇందులో ఒక్కొక్క విలువకు "కేస్", ఏ విలువా సరిపడని సందర్భమునకు "డిఫాల్ట్", స్విచ్ నుండి బయటకు వచ్చుటకు "బ్రేక్" అను కీలకపదాలను వాడుతారు. ప్రోగ్రాము అమలుతో నిమిత్తము లేకుండా, చదువువారి కొరకు కోడులో వ్రాయు వివరణను '''వ్యాఖ్య''' లేక కామెంటు అంటారు.

== ఫాల్‌త్రూ ==

సీ భాషను డెన్నిస్ రిచీ 1970వ దశకపు ఆరంభంలో బెల్ లేబొరేటరీస్‌లో రూపొందించాడు. ఈ భాషలో ఒక కేసు చివర బ్రేక్ లేనిచో అమలు అక్కడ ఆగక తరువాతి కేసులోనికి సాగిపోతుంది. దీనిని ఫాల్‌త్రూ అంటారు. బ్రేక్‌ను కావాలనే వదిలివేశారా, లేక మరచిపోయారా అన్నది కోడును చూసి తెలుసుకొనుట కష్టము. ఆ సంగతిని వ్యాఖ్య తెలుపవలెను.

== ఉదాహరణ ==

తెలుగు మాసమును బట్టి ఋతువును తెలుపు ప్రోగ్రాములోని ఒక భాగము (కీలకపదాలు తెలుగు లిపిలో ఇవ్వబడినవి):

 కేస్ 7: /* ఆశ్వయుజము */
 కేస్ 8: /* కార్తీకము */
   ముద్రించు("శరదృతువు");
   బ్రేక్;
 కేస్ 9: /* మార్గశిరము */
 కేస్ 10: /* పుష్యము */
   ముద్రించు("హేమంత ఋతువు");
   బ్రేక్;

ఋతువుకు రెండు మాసాలు గనుక కేసులను జంటగా వ్రాయుట సబబే. కాని మొదటి బ్రేక్‌ను మరచినచో, భీమ్‌గల్ సమీపములోని లింబాద్రి గుట్ట జాతర జరుగు కార్తీక మాసమునకు శరదృతువుతో పాటు హేమంత ఋతువు కూడా ముద్రితమవుతుంది. వ్యాకరణ దోషము లేదు గనుక ప్రోగ్రాము యథావిధిగా నడుస్తుంది.

== 1990 నాటి టెలిఫోను వైఫల్యము ==

1990 జనవరి 15న అమెరికాలో ఏటీ అండ్ టీ సంస్థ దూరప్రాంత టెలిఫోను వ్యవస్థ సుమారు 9 గంటలు స్తంభించినది. దీనికి కారణము సీ భాషలో వ్రాసిన స్విచ్ వాక్యములోని ఒక బ్రేక్. ఇక్కడ బ్రేక్ లోపించలేదు, ఉండరాని చోట ఉన్నది. కేసులోపలి "ఇఫ్" భాగములో ఉన్న ఆ బ్రేక్ మొత్తము స్విచ్ నుండే బయటకు తీసుకుపోయినది. ఫలితముగా జరుగవలసిన పని జరుగక, 114 ఎక్స్ఛేంజీలు ఒకదాని వలన మరొకటి పదేపదే ఆగి మొదలైనవి.

== పాటించవలసిన పద్ధతులు ==

* బ్రేక్‌ను కావాలని వదిలినచో, అది ఉండవలసిన చోటనే కారణమును వ్యాఖ్యగా వ్రాయవలెను.
* వ్యాఖ్య "ఎందుకు" అన్నది చెప్పవలెను. "మాసము 8 అయితే" వంటి వ్యాఖ్య కోడునే తిరిగి చెప్పుచున్నది.
* 7, 8 వంటి సంఖ్యలకు బదులు పేరుగల స్థిరరాశులను వాడినచో పై వ్యాఖ్యలే అవసరముండవు.
* డిఫాల్ట్‌ను విడువరాదు. అందులో చేయవలసినది ఏమియు లేకున్న, ఆ మాటనే వ్యాఖ్యగా వ్రాయవలెను.
* కేసు పెద్దదైనచో దానిని వేరు ఫంక్షనుగా విడదీయవలెను.
* కోడు మారినపుడు వ్యాఖ్యను కూడా మార్చవలెను. తప్పు వ్యాఖ్య కంటే వ్యాఖ్య లేకపోవుటే మేలు.

== కంపైలర్లు, ఇతర భాషలు ==

2017లో విడుదలైన జీసీసీ 7 కంపైలరు, కోరినచో, చెప్పకుండా జరుగు ఫాల్‌త్రూను హెచ్చరిస్తుంది. అందుకు తగిన వ్యాఖ్య ఉన్నచో హెచ్చరిక రాదు. అయితే అది కొన్ని ఆంగ్ల పదబంధాలనే గుర్తిస్తుంది గనుక, తెలుగు వ్యాఖ్య మనుషులకే ఉపకరిస్తుంది. సీ++17, సీ23 ప్రమాణాలలో ఇందుకొక ప్రత్యేక గుర్తు చేరినది. గో, స్విఫ్ట్ భాషలలో కోరితే తప్ప ఫాల్‌త్రూ జరుగదు.