ధాత కరువు: గింజలు తూచిన ప్రభుత్వం

1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు రాజధానికి వచ్చాడు. వైస్రాయి లార్డ్ లిట్టన్ పంపిన కరువు ప్రతినిధి ఆయన. అప్పటికే నైరుతి, ఈశాన్య వానలు రెండూ మొహం చాటేశాయి. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాల్లో చేలు మాడిపోయాయి, చెరువులు నెర్రెలిచ్చాయి. పది లక్షల మందికి పైగా జనం సర్కారు పెట్టిన కరువు పనుల్లో చేరి ప్రాణాలు నిలుపుకుంటున్నారు. టెంపుల్ వచ్చింది వాళ్ళకు పెట్టడానికి కాదు, పెడుతున్నది తగ్గించడానికి. రోజంతా కంకర కొట్టి మట్టి మోసే మగమనిషికి ఒక పౌను ధాన్యం, అంటే 450 గ్రాములు, పై ఖర్చుకు కాస్త చిల్లర చాలునని తేల్చాడు. ఆడవాళ్ళకు, పిల్లలకు అంతకన్నా తక్కువ. లక్షల మందిని పనుల్లోంచి తీసేయించాడు. మిగిలినవాళ్ళు ఊరు విడిచి దూరపు శిబిరాలకు పోయి పనిచేయాలన్నాడు. నడవగలిగినవాడికే తిండి అని దీని అర్థం. నిజంగా ఆకలితో కూలిపోయినవాడు ఆ పరీక్ష ఎలా గెలుస్తాడు?

ధాత నామ సంవత్సరంలో మొదలైంది కనుక దీన్ని ధాత కరువు అన్నారు. బ్రిటిష్ ఏలుబడిలోని ప్రాంతాల్లోనే 50 లక్షల మందికి పైగా చనిపోయారని ప్రభుత్వం వేసిన ఫామిన్ కమిషనే 1880 నివేదికలో లెక్క చెప్పింది. 1871 జనాభా లెక్కలతో 1881 లెక్కలు పోల్చి చూస్తే, ఒక్క కర్నూలు జిల్లాలోనే సుమారు నాలుగో వంతు జనం తగ్గిపోయారు. ఇదంతా వానలు పడక జరిగిందని పాఠ్యపుస్తకాల్లో ఒక వాక్యంతో ముగించేస్తారు. నేను ఒప్పుకోను. వాన కురవకపోవడం ప్రకృతి పని. కూలివాడి గిన్నెలో ఎన్ని గింజలు పడాలో నిర్ణయించింది మనుషులు, కాగితాల మీద, తెలిసి తెలిసి.

తెలిసి అని ఎందుకు అంటున్నానంటే, ఇదే టెంపుల్ మూడేళ్ళ ముందు కరువును గెలిచాడు. 1873-74లో బీహార్‌లో పంటలు పోయినప్పుడు బర్మా నుంచి నాలుగున్నర లక్షల టన్నులకు పైగా బియ్యం తెప్పించి పంచారు. ఆకలి చావులు దాదాపు లేవు. దానికి దక్కిన మర్యాద ఏమిటంటే, ఖజానా దుబారా చేశాడని నాలుగు వైపుల నుంచీ తిట్లు. ప్రజల ప్రాణాలు కాపాడటం ప్రభుత్వ బాధ్యత అన్న అలవాటు నేర్పుతున్నాడని లండన్‌లో ఎకనమిస్ట్ పత్రిక మండిపడింది. ఆ మచ్చ కడుక్కోవాలనుకున్న అధికారి దక్షిణాదికి వచ్చాడు. బీహార్‌లో ఎలా బతికించవచ్చో చూపించిన చెయ్యే ఇక్కడ పౌను లెక్క రాసింది. ఈ చరిత్రలో నన్ను అన్నిటికన్నా కలచివేసేది ఇదే.

ఎదురు చెప్పినవాళ్ళు లేకపోలేదు. మద్రాసు పారిశుధ్య కమిషనర్ డాక్టర్ డబ్ల్యు.ఆర్. కార్నిష్ ఊరుకోలేదు. ఈ రాజధానిలో ఏ జనం ఏం తింటారో 1863లోనే నివేదిక రాసిన మనిషి. కష్టం చేసే ఒంటికి కనీసం ఒకటిన్నర పౌన్ల ధాన్యం, దానితో పప్పు, కూరలు కావాలని, లేకపోతే ఇది మెల్లగా చంపడమేనని వాదించాడు. కొన్ని నెలల పోరు తరువాత 1877 మే నాటికి మద్రాసు ప్రభుత్వం కూలి రేటు పెంచింది. అప్పటికే శిబిరాల్లో కలరా, విరేచనాలు చొరబడ్డాయి. ఆ నెలల్లో పోయినవాళ్ళు పోయారు. మద్రాస్ టైమ్స్ సంపాదకుడు విలియం డిగ్బీ ఈ మొత్తం వ్యవహారాన్ని రెండు సంపుటాల్లో గ్రంథస్థం చేశాడు కాబట్టే మనకు ఇంత వివరంగా తెలుస్తోంది. బక్కచిక్కి ఎముకల గూళ్ళయిన కుటుంబాలను కెమెరా ముందు కూర్చోబెట్టి హూపర్ అనే సైనికాధికారి తీసిన ఫోటోలు కూడా మిగిలాయి. వాటిలో ఒక్క మనిషి పేరూ లేదు.

రైళ్ళు ఇచ్చారు కదా అని ఇప్పటికీ కొందరు అంటుంటారు. మద్రాసు నుంచి కడప, గుత్తి, ఆదోని మీదుగా రాయచూరు దాకా రైలు మార్గం 1871కే పూర్తయింది. అంటే ధాత కరువు రైలు పట్టాల పక్కనే జరిగింది. రైలు ధాన్యాన్ని మోసుకొచ్చిన మాట నిజం. కానీ ధరల జోలికి ప్రభుత్వం పోరాదని లిట్టన్ పట్టుబట్టాడు. మూటలు కళ్ళముందే దిగుతున్నా కొనడానికి కూలివాడి చేతిలో డబ్బు లేదు. 1877-78లో ఈ దేశం నుంచి ఐరోపాకు దాదాపు 3 లక్షల 20 వేల టన్నుల గోధుమలు ఎగుమతయ్యాయి. అవి సీమలో పండినవి కావు, నిజమే. బర్మా బియ్యం బీహార్‌కు చేరినప్పుడు, ఉత్తరాది గోధుమలు బళ్ళారికి చేరకపోవడానికి దూరం కారణం కాదు. ఆనకట్ట నీళ్ళున్న గోదావరి డెల్టా ఆ ఏడాదీ పండింది. రైళ్ళకు కుమ్మరించే డబ్బు కాలువలకు పెట్టమని ఆర్థర్ కాటన్ ఎన్నేళ్ళుగానో మొత్తుకుంటున్నదీ అందుకే.

కరువు వెళ్ళకముందే పన్నులు వచ్చాయి. మద్రాసు రాజధానిలో ఉప్పు మీద సుంకాన్ని మణుగుకు రూపాయి 13 అణాల నుంచి రెండున్నర రూపాయలకు పెంచారు. గంజిలో వేసుకునే ఉప్పు! ముందుముందు కరువుల కోసమంటూ 1878లో ఏటా కోటిన్నర రూపాయల నిధి ఒకటి పెట్టి, దానికోసం కొత్త పన్నులు వేశారు. ఆ ఏడాదే అఫ్గానిస్తాన్ మీద యుద్ధం మొదలైంది. కరువు పేరు చెప్పి వసూలు చేసిన డబ్బును అటు మళ్ళించారని దేశంలోనూ ఇంగ్లండులోనూ పెద్ద రగడే జరిగింది. కరువు కూలీలు మద్రాసులో కూవం, అడయారు నదులను కలుపుతూ తవ్విన కాలువకు మాత్రం గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు పెట్టారు. అటు కృష్ణా కాలువలకు కలిసే ఆ జలమార్గాన్ని మన కోస్తాలో నేటికీ బకింగ్‌హాం కాలువ అనే పిలుస్తాం.

1880 నివేదిక నుంచి 1883లో ఫామిన్ కోడ్ పుట్టింది. ఏ సూచనలు కనిపిస్తే కరువు ప్రకటించాలో, ఎవరికెంత కూలి ఇవ్వాలో రాసిపెట్టిన నియమావళి అది. దీన్ని తక్కువ చేయను. స్వాతంత్ర్యం తరువాత కూడా మన రాష్ట్రాల కరువు సహాయ నిబంధనలకు అదే పునాది. అయితే నియమం రాయడం వేరు, పాటించడం వేరు. 1943లో బెంగాల్‌లో 30 లక్షల మంది వరకు ఆకలితో, రోగాలతో రాలిపోతున్నప్పుడు ఆ ఫామిన్ కోడ్ అధికారుల దగ్గర సిద్ధంగానే ఉంది. కరువని ప్రకటిస్తే అందులో రాసినంత తిండీ, పనీ ఇవ్వాల్సి వస్తుంది. బెంగాల్ ప్రభుత్వం కరువును ప్రకటించనేలేదు.