సౌడు నుంచి బ్యూరెట్ దాకా

వరంగల్ బట్టల ఊరు. కొత్తవాడలో జంపఖానాల మగ్గాలు, 1934లో వచ్చి ఇప్పుడు మూతపడ్డ ఆజంజాహీ మిల్లు. ఇలాంటి ఊళ్లో ఇంటర్ పిల్లలకు ప్రాక్టికల్స్ చేయిస్తూ తల నెరిసినవాణ్ని. టైట్రేషన్‌ను మార్కుల సరుకుగా చూస్తే నాకు మనసొప్పదు. అది పుట్టింది బట్టలు చలువ చేసే చోట.

మన రజకులు సౌడు కలిపిన నీళ్లలో బట్టలు తడిపి ఉబ్బ పెట్టేవాళ్లు. సౌడులో మురికిని వదిలించేది ముఖ్యంగా సోడియం కార్బొనేట్. ఘాటు సరిపోయిందో లేదో అలవాటుపడ్డ చెయ్యే చెప్పేది.

స్కాట్లండులోనూ ఇదే తంతు. నార బట్టను బూడిద క్షారంలో ఉడికించి, ఆపైన పులిసిన పాలలో వారాల తరబడి నానేసేవాళ్లు. ఎడింబరో వైద్యుడు ఫ్రాన్సిస్ హోమ్ 1756లో ఆ పాలకు బదులు పలుచటి గంధకామ్లం చాలన్నాడు. వారాల పని గంటల్లోకి దిగింది. క్షారం సరుకు ఎంత గట్టిదో తేల్చడానికి ఆయన దాని మీద నత్రికామ్లాన్ని చెంచాలతో పోస్తూ పోయాడు. పొంగు ఆగేసరికి ఎన్ని చెంచాలు పట్టాయన్నదే లెక్క. నన్నడిగితే మొదటి బ్యూరెట్ ఆ చెంచానే! 1767లో రసాయనవేత్త విలియం లూయిస్ పొంగును వదిలి లిట్మస్ రంగును నమ్ముకున్నాడు. 1790లలో ఫ్రాన్సులోని నూలుబట్టల పట్నం రువాన్‌లో దెక్రొజీ గీతలు గీసిన గాజు గొట్టం పట్టాడు. జర్మన్ రసాయనవేత్త మోర్ 1855 నాటి పుస్తకంతో ఈ విద్య లాబొరేటరీల్లో స్థిరపడింది.

మా బల్ల మీద కూడా ఉండేది సౌడులోని ఆ సోడానే, అంటే సోడియం కార్బొనేటే. 0.53 గ్రాములు తూచి 100 మిల్లీలీటర్లకు నీళ్లు పోస్తే 0.05 మొలార్. పిపెట్‌తో 20 మిల్లీలీటర్లు తీసి, మిథైల్ ఆరెంజ్ రెండు చుక్కలు వేసి, బ్యూరెట్‌లోంచి హైడ్రోక్లోరికామ్లం వదలాలి. పసుపు నారింజ ఎరుపుకు తిరిగేసరికి 18.5 పట్టిందనుకోండి. ఒక సోడా అణువుకు రెండు ఆమ్లం అణువులు కావాలి గనక, 2ను 0.05తో, 20తో గుణించి 18.5తో భాగిస్తే ఆమ్లం 0.108 మొలార్. ఆ 2 మరిచినవాడికి 0.054 వస్తుంది. జవాబు సరిగ్గా సగమైతే పేపరు తిరగేయకుండానే తప్పెక్కడో తెలిసిపోయేది. నార్మాలిటీ రోజుల్లో ఈ తంటా లేదు. సోడాను 0.1 నార్మల్ అని రాయడంలోనే ఆ 2 కలిసిపోయేది, పిల్లలు కళ్లు మూసుకుని గుణించేవాళ్లు. మొలారిటీ వచ్చాక సమీకరణం రాయక తప్పలేదు. నాకదే నచ్చింది.