కొత్తరెడ్డిపాలెం శనివారం

ధర్మపురి, హోసూరు వైపు తెలుగిళ్లకు రెండు పంచాంగాల కాపురం అలవాటే. వీధికి తమిళ చిత్తిరై ఒకటిన సంవత్సరాది, ఇంటికి ఉగాది. ఆ అలవాటు ఉన్నవాళ్లకు గుంటూరు జిల్లా కొత్తరెడ్డిపాలెం కథ మరీ వింతగా తోచదు. గుంటూరు నుంచి పొన్నూరు వెళ్లే దారిలో చేబ్రోలు పక్కన ఉంటుందా ఊరు. అక్కడ కొన్ని ఇళ్లకు శుక్రవారం పొద్దుగూకగానే సబ్బాతు, అంటే యూదుల వారపు విశ్రాంతి దినం, మొదలవుతుంది. దీపాలు వెలిగిస్తారు, హీబ్రూ ప్రార్థన చదువుతారు, మళ్లీ మాట్లాడుకునేది తెలుగే. తమను తాము బెనె ఎఫ్రాయిము అంటారు, అంటే ఎఫ్రాయిము బిడ్డలు.

ఎఫ్రాయిము యోసేపు కొడుకు. క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరు రాజులు ఇశ్రాయేలు ఉత్తర రాజ్యాన్ని కూల్చి జనాన్ని చెరపట్టుకుపోయారు. అలా చెదిరిపోయిన పది గోత్రాల్లో తమదీ ఒకటనీ, తిరిగి తిరిగి తెలుగు నేలకు చేరామనీ వీరి వంశకథ. చరిత్రకారులు ఒప్పుకునే ఆధారం దీనికి లేదు. ఉన్న చరిత్ర వేరు, అది నాకైతే ఇంకా ఆసక్తిగా ఉంటుంది.

వీరు మాదిగలు. పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో పాతుకుంది. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పని కొంత ఒప్పుకుని వేలమందికి కూలి చూపించాడు. కరువు తగ్గుముఖం పట్టాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో అత్యధికులు మాదిగలే. గంజి కోసం పోయారని వెక్కిరించినవాళ్లు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. గంజితో పాటు చేతికొచ్చిన పుస్తకం మాట మాత్రం వాళ్లు ఎత్తరు. అందులో నిర్గమకాండం ఉంది: ఇటుకలు కోసే వెట్టిజనం యజమానిని వదిలి నడిచిపోయిన కథ. వెట్టి ఎరిగిన వాడల్లో ఆ కథ ఎలా వినిపించి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

ఆ క్రైస్తవ కుటుంబాల్లో ఒకదాని నుంచి వచ్చిన షముయేల్ యాకోబి ప్రచారకుడిగా పనిచేశారు. 1980లలో యెరూషలేము వెళ్లొచ్చాక తమ మూలం క్రైస్తవంలో కాదు, అంతకు ముందే ఉందన్నారు. 1991లో కొత్తరెడ్డిపాలెంలో యూదుల సమాజ మందిరం వెలిసింది. దాని బాధ్యత తమ్ముడు సదోక్ యాకోబి చూసుకున్నారు. ఊళ్లో ఉండి పరిశోధన చేసిన షాహిద్ పర్వేజ్, యులియా ఎగొరోవాతో కలిసి 2013లో వీరిపై ఒక పుస్తకమే వెలువరించారు. కులం వేసిన ముద్రను కాదని తమ గతాన్ని తామే చెప్పుకునే ప్రయత్నంగానూ దీన్ని చూడాలన్నది అందులో ఒక వాదన.

కాగితాల దగ్గర మాత్రం చిక్కు ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. యూదుల ఊసు లేదు. మరోవైపు, ఈశాన్య భారతపు బ్నె మెనషె వారిని 2005లో ఇశ్రాయేలు ప్రధాన రబ్బీ ఆ చెదిరిన గోత్రాల సంతతిగా గుర్తించాడు, వేలమంది అక్కడికి వలస వెళ్లారు. కొత్తరెడ్డిపాలేనికి అలాంటి గుర్తింపు రాలేదు.

అయినా వారం వారం శనివారం వస్తూనే ఉంటుంది. పని మానడం నెలజీతం ఉన్నవాడికి సెలవు, రోజుకూలికి పస్తు. మిరపకోతల్లో శనివారం ఇంట్లో ఉంటే ఆ రోజు కూలి పోయినట్టే. అందుకని నియమం పూర్తిగా పాటించగలిగేవాళ్లు తక్కువంటే తప్పుపట్టడానికి ఏమీ లేదు. కానీ సబ్బాతు ఆజ్ఞ పూర్తిగా చదివితే యజమానికే కాదు, దాసుడికీ దాసికీ ఎద్దుకూ గాడిదకూ విశ్రాంతి ఇమ్మంటుంది. ద్వితీయోపదేశకాండం కారణం కూడా చెబుతుంది: మీరూ ఒకప్పుడు ఐగుప్తులో దాసులే. ఒకరోజు తన సమయం తనది అనుకోవడం చిన్న విషయమేమీ కాదు, ముఖ్యంగా తాతల కాలంలో ఆ హక్కు లేనివాళ్లకు.

పండుగల లెక్క తెలుగువాళ్లకు తేలిగ్గానే అందుతుంది. యూదుల పంచాంగమూ చంద్రుడిదే. 19 ఏళ్లలో 7 అధికమాసాలు. ఐగుప్తు నుంచి విడుదలను తలుచుకునే పస్కా పండుగ నీసాను నెల 15న, సాధారణంగా మన చైత్ర పౌర్ణమి దరిదాపుల్లో వస్తుంది. పులియని రొట్టె, చేదు ఆకుకూర పెట్టుకుని కూర్చుంటే ఇంట్లో అందరికంటే చిన్నవాడు అడగాలి, ఈ రాత్రికి ఏమిటి ప్రత్యేకమని. పిల్లవాడు ప్రశ్న వేస్తేనే పండుగ నడిచేది. పిల్లల నోరు మూయించడమే పెంపకం అనుకునే ఇళ్లకు ఇదొక్కటి అరువు తెచ్చుకున్నా మంచిదే.

నాకు అన్నిటికంటే కష్టమనిపించేది తిష్రి నెల. మొదటి పది రోజులు ఏడాది లెక్క చూసుకోవాలి. పదోనాడు ప్రాయశ్చిత్త దినం, ఇరవై ఐదు గంటల కటిక ఉపవాసం. అయితే ఆ ఉపవాసం దేవుడికీ మనిషికీ మధ్య తప్పులకే చెల్లుతుందని యూదుల ధర్మగ్రంథం మిష్నా కచ్చితంగా చెప్పింది. సాటిమనిషికి చేసిన తప్పుకు ఆ మనిషి గుమ్మం ఎక్కాల్సిందే. గట్టు తగాదాలో మాట తూలినవాడు పస్తుండి తప్పించుకోలేడు. ఉపవాసం విడిచిన ఆ రాత్రే, తర్వాత వచ్చే పర్ణశాలల పండుగ పందిరికి మొదటి గుంజ పాతడం ఆచారం. ఐదు రోజుల్లో పౌర్ణమికి పందిరి సిద్ధం కావాలి. పైన కప్పు ఆకులదే అయ్యుండాలి, సందుల్లోంచి చుక్కలు కనిపించాలి. వాన పట్టుకుంటే మాత్రం ఇంట్లోకి వెళ్లి భోంచేయవచ్చని శాస్త్రమే సడలింపు ఇచ్చింది. కోస్తాలో ఆ సడలింపు అవసరం పడని ఏడాది తక్కువ.